రీలు తల తెగిన చోట

మొదటి రోజు: హైదరాబాద్

నా దగ్గర రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి ఉంది. ఎడమ పేజీలో ముఖాలు, కుడి పేజీలో పేర్లు. "బుగ్గ మీద గాటు, బొంగురు గొంతు, ఎత్తు ఆరడుగులు, కోటగుమ్మం దగ్గర కాపలా" అని ఎడమవైపు రాసుకుంటాను. ఆ మనిషి పేరు దొరికిన రోజు కుడివైపు రాస్తాను. పదేళ్ళుగా ఇదే పని. ఎడమ పేజీలు నిండిపోయాయి. కుడి పేజీలు చూస్తే మా ఆవిడకి నవ్వొస్తుంది.

బ్లాక్ అండ్ వైట్ జానపద సినిమాలంటే నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. వాటిలో హీరో ఎన్టీఆరో కాంతారావో అయి ఉంటారు. నా కళ్ళు మాత్రం వాళ్ళ వెనక నిలబడ్డవాళ్ళ మీదే ఉంటాయి. సినిమా మారితే రాజ్యం పేరు మారుతుంది, కిరీటం మారుతుంది, సభలో మనుషులు మాత్రం వాళ్ళే. ముక్కామల మీసం దువ్వాడంటే కుట్ర ఖాయం. మిక్కిలినేని కిరీటం పెట్టుకున్నాడంటే ఆ రాజుగారికి చెరసాల రాసిపెట్టి ఉన్నట్టే. వంగర కనిపిస్తే ఎవరికో ముహూర్తం కుదురుతోందన్నమాట. ఇంత నమ్మకంగా ఆ లోకాన్ని నిలబెట్టినవాళ్ళ పేర్లు అడిగితే, సినిమా నాలుగుసార్లు చూసినవాళ్ళు కూడా "ఆయనే... ఆ ఉండేవాడు చూడండి..." అని ఆగిపోతారు.

ఈసారి సంక్రాంతి తర్వాత వారం సెలవు పెట్టి వాళ్ళ ఊళ్ళ వెంట బయల్దేరాను. మొదటి మజిలీకి ఊరు దాటాల్సిన పని కూడా లేదు. శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ఒక పెళ్ళి సందర్భంగా వనారస గోవిందరావు బృందం 'కీచక వధ' ఆడింది. అక్కడ మొదలైన కుటుంబ నాటక సమాజం ఇప్పటికీ ఆడుతూనే ఉంది. ఇంట్లో పుట్టిన పిల్లలు మాటలు రాకముందే బాలకృష్ణుడి వేషం వేస్తారు.

సాయంత్రం వాళ్ళ 'మాయాబజార్' నాటకానికి వెళ్ళాను. తెలిసినవాళ్ళు ఉండబట్టి తెర వెనక ఒక మూల నిలబడనిచ్చారు. ముందు కూర్చుని చూస్తే మాయ, వెనక నిలబడి చూస్తే గిలకలు, తీగలు, చెమట. రెండు బాణాలు ఆకాశంలో ఎదురెదురుగా వచ్చి ఢీకొని భగ్గుమన్నప్పుడు హాల్లో పిల్లలు కేకలు పెట్టారు. నా పక్కన బనియన్‌లో ఉన్న కుర్రాడు మాత్రం నోట్లో వక్కపొడి నములుతూ తీగ వదిలి, రెండో తీగ అందుకుని, గాల్లో వేలాడుతున్న నారదుణ్ణి నెమ్మదిగా కిందికి దించుతున్నాడు. నారదుడు నేల మీద కాలు పెట్టగానే అతనివైపు చూసి "కొంచెం మెల్లగా వదలరా, నడుం పట్టేస్తోంది" అని గొణిగి, మరుక్షణం ముందుకు తిరిగి పద్యం ఎత్తుకున్నాడు.

మన జానపద సినిమాకి పురుడు పోసింది ఈ తీగలే. సురభి కమలాబాయి 1907లో పుట్టారు. నాటకం ఆడుతుండగానే తల్లికి నొప్పులొచ్చి రంగస్థలం మీదే కన్నదని చెబుతారు. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన 'భక్త ప్రహ్లాద'లో లీలావతి ఆవిడే, అంటే తెలుగు టాకీకి తొలి కథానాయిక. సరిగ్గా 19 ఏళ్ళ తర్వాత 1951లో 'పాతాళ భైరవి' వచ్చింది. అందులో తోటరాముడి తల్లిగా పూరింట్లో కొడుకు కోసం బెంగపడే ముసలావిడ ఎవరని ఎవరినైనా అడిగి చూడండి. తొలి హీరోయిన్ అని మాత్రం ఎవరూ చెప్పరు.

రెండో రోజు: కోదాడ, గుడిబండ

పొద్దున ఆరున్నర బస్సుకి కోదాడ. మా మేనమామ అక్కడ కూతురి దగ్గర ఉంటున్నాడు. వయసు 76. పదిహేనో ఏట టూరింగ్ టాకీస్‌లో పెట్టెలు మోసే పనిలో చేరి, తర్వాత ఆపరేటర్ అయి, డేరా సినిమాలు మూతపడేదాకా అదే పనిలో ఉన్నాడు. నేను వస్తున్నది తన కోసమేనని ఫోన్లో చెప్పగానే బ్యాగు సర్దేసుకున్నాడట.

"ముందు గుడిబండ పోదాం. కాంతారావు ఊరిడిసిపెట్టి మద్రాసు పోతే ఎట్లా అల్లుడూ" అన్నాడు.

కోదాడ పక్కనే గుడిబండ. తాడేపల్లి లక్ష్మీకాంతారావు 1923లో పుట్టిన ఊరు. నా జాబితాలో చిన్న నటులే ఉంటారు, కాంతారావు పెద్ద హీరో కదా అంటే మామయ్య ఒప్పుకోలేదు. పెద్ద కంపెనీలు ఎన్టీఆర్‌తో జానపదాలు తీస్తుంటే, తక్కువ ఖర్చు జానపదాలకి ఆసరా కాంతారావే అని ఆయన వాదన. అది నిజమే. బి. విఠలాచార్య సినిమాల్లో కత్తి పట్టుకుని కాంతారావు ఎన్ని గుహలు దూరాడో లెక్కలేదు. మిగతా సినిమాల్లో నారదుడు కూడా ఆయనే. ఆ తర్వాత సొంతంగా సినిమాలు తీశారు. 1969లో వచ్చిన 'సప్తస్వరాలు' వాటిలో ఒకటి. అవి ఆడలేదు. గుడిబండ పొలాలు ఆ అప్పులకే పోయాయి. ముసలితనంలో చిన్నచిన్న వేషాలు వేశారు. 2009 మార్చిలో పోయారు.

చెరువు గట్టు మీద నిలబడి మామయ్య చెయ్యి చాపి చూపించాడు. "ఈ దిక్కు నుంచి బండ్లు కట్టుకొని వచ్చేటోళ్ళు మా డేరాకి. మా కాంతారావు మా కాంతారావు అని. నేల టిక్కెట్టు కాడ ఇసుక గుట్ట చేసుకొని కూర్చునేటోళ్ళు, ముందోడి తల అడ్డం రాకుండ. కత్తి దూసిండంటే చాలు, ఈలలకి డైలాగు ఇనబడేది కాదు."

విఠలాచార్య మాట వచ్చాక ఆగడం కష్టం. ఉడుపి వైపు నుంచి వచ్చిన కన్నడిగుడు. తెలుగు పల్లెల్లో దయ్యాలకి, మంత్రగాళ్ళకి, పంజరంలో చిలకలకి ఆయనే బ్రహ్మ. ఆయన గురించి పరిశ్రమలో చెప్పుకునే కథ ఒకటుంది. ఎవరైనా నటుడు డేట్ల దగ్గర పేచీ పెడితే, ఆ పాత్రని మంత్రంతో మేకగానో చిలకగానో మార్చేసి షూటింగ్ కానిచ్చేవాడట. నటుడు దారికొస్తే శాపవిమోచనం. నిజమో కాదో గాని, ఆయన సినిమాలు వరసగా చూసినవాడెవడూ దీన్ని కొట్టిపారెయ్యలేడు. కైకాల సత్యనారాయణ మొదట్లో ఎన్టీఆర్‌కి డూపుగా నిలబడ్డారు. 1960లో 'కనకదుర్గ పూజా మహిమ'లో ఆయన్ని విలన్‌గా నిలబెట్టింది కూడా విఠలాచార్యే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నా నోట్‌బుక్ తీశాను. మామయ్య కళ్ళజోడు పెట్టుకుని పేజీలు తిప్పాడు. నాలుగు పేర్లు గడగడా చెప్పాడు. ఆ నాలుగూ నాకు తెలిసినవే. తర్వాత నా గోడు చెప్పుకున్నాను. ఎన్నో సీడీలు కొన్నాను, కంపెనీ ఏదైనా సరే, సినిమా మొదలవడమే రాజసభలో మొదలవుతుంది. టైటిల్స్ ఉండవు. ఉన్నా హీరో హీరోయిన్ల కార్డు వచ్చి, తెర ఒక్కసారి ఎగిరి, "దర్శకత్వం" దగ్గర తేలుతుంది. చిన్న నటుల పేర్లుండే కార్డే ఎప్పుడూ ఉండదు. ఇంత బాధ్యత లేని మనుషులా ఈ సీడీలవాళ్ళు అని తిట్టాను.

మామయ్య నోట్‌బుక్ మూసి పక్కన పెట్టాడు.

"వాళ్ళని తిట్టకు. అది కోసింది మేమే."

నాకు అర్థం కాలేదు. అప్పుడు కూర్చోబెట్టి చెప్పాడు. రీలు ఎప్పుడూ తల దగ్గరా తోక దగ్గరా తెగుతుంది. మిషన్‌లోకి ఎక్కించేటప్పుడు చేతులు పడేది, పళ్ళ చక్రాలు మొదట పీకేది ఆ తలనే. అందులోనూ మొదటి రీలు తల, అంటే టైటిల్స్. సెకనుకి 24 ఫ్రేములు. తెగిన చోట చిరుగు పట్టిన ఫ్రేములు తీసెయ్యాలి. బ్లేడుతో అంచు మీది పూత గీరి, సిమెంట్ అనే ఘాటు వాసన ద్రవం బ్రష్‌తో రాసి, రెండో ముక్క అంచు దాని మీద పెట్టి, బొటనవేలితో అదిమి పది లెక్కపెట్టాలి. చెబుతున్నప్పుడు ఆయన బొటనవేలు చాప మీద నిజంగానే అదుముతోంది, పెదవులు లెక్కపెడుతున్నాయి.

"ఒక్కో ఊళ్ళో నాలుగు ఫ్రేములు పోతయ్. మా దాకా వచ్చే ప్రింటు టౌనుల్లో ఆడి ఆడి చిక్కి వచ్చేది. ఇంకో మాట. మాకు ఒకటే మిషన్. రీలు రీలుకీ లైటేసి మార్చేది. రెండో ఆటకి ఆలస్యమైతే ఓనరు తిట్టేటోడు. మిషన్ల వెలుతురిచ్చే కార్బన్ కడ్డీలు కాలుతుంటే పైసలు కాలినట్టే ఆయనకి. పేర్లు ఎవడు చదువుతడు పోనియ్ అనేటోడు. హీరో పేరు మాత్రం ఉంచాలె, దానికి ఈలలు పడతయ్ కదా. తర్వాత పేర్ల కాడికొచ్చేసరికి దూకిచ్చేది."

పదేళ్ళుగా నేను ఎవరిని తిట్టుకుంటున్నానో ఆ మనిషి మా అమ్మ తమ్ముడని తెలిస్తే ఏం చెయ్యాలి? మజ్జిగ తాగి పడుకున్నాం.

మూడో రోజు: విజయవాడ, లింగాయపాలెం

రాత్రి దిగిన లాడ్జిలో వేడినీళ్ళు ఉదయం ఆరు నుంచి ఎనిమిది వరకు అని బోర్డుంది. ఆరున్నరకి చన్నీళ్ళే వచ్చాయి, ఎనిమిదికీ చన్నీళ్ళే. గాంధీనగర్‌లో ఇడ్లీ తిన్నాం. ఒకప్పుడు ఆంధ్రదేశానికి సినిమా పెట్టెలు కదిలింది ఈ వీధుల నుంచే. డిస్ట్రిబ్యూషన్ ఆఫీసుల ముందు రిక్షాల్లో డబ్బాలు ఎక్కించడం మామయ్యకి బాగా గుర్తు. ఇప్పుడక్కడ ఎక్కువగా సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

అసలు పని లింగాయపాలెంలో. ప్రకాశం బ్యారేజీ దాటి, కరకట్ట మీదుగా ఉండవల్లి, వెంకటపాలెం, మందడం. రాజధాని రోడ్లు, కంకర లారీలు, క్రేన్లు. వాటి మధ్య కృష్ణ ఒడ్డున లింగాయపాలెం. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి పుట్టిన ఊరు.

మిక్కిలినేని మీద నాకు మిగతావాళ్ళకంటే ఒక పాలు ఎక్కువ గౌరవం. 'మాయాబజార్'లో కర్ణుడు ఆయనే. దుర్యోధనుడు ముక్కామల, దుశ్శాసనుడు ఆర్. నాగేశ్వరరావు, శకుని సి.ఎస్.ఆర్. ఆంజనేయులు. ఈ నలుగురూ ఒకే ఫ్రేములో నిలబడితే హీరో లేకపోయినా సినిమా నడిచిపోతుంది. కాని గౌరవం అందుక్కాదు. ప్రజానాట్యమండలిలో ఊరూరా తిరిగి, జైలు కూడా చూసి, 1951లో 'దీక్ష'తో సినిమాల్లోకి వచ్చిన మనిషి, మేకప్ తీసేశాక కలం పట్టుకున్నాడు. తనకు ముందు రంగస్థలం మీద బతికి పేరు లేకుండా పోయినవాళ్ళ జీవితాలు వెతికి వెతికి రాశాడు. తోలుబొమ్మలు, పగటివేషాలు, చిందు, యక్షగానం, ఒకటేమిటి, మన జానపద కళారూపాలన్నిటినీ పెద్ద పుస్తకం చేస్తే 1992లో తెలుగు విశ్వవిద్యాలయం అచ్చేసింది. అంటే నా నోట్‌బుక్ పని ఆయన ఎప్పుడో, నాకంటే వంద రెట్లు ఓపికగా చేశాడు. 2011 ఫిబ్రవరిలో పోయారు.

ఊళ్ళో నలుగురు కుర్రాళ్ళని అడిగితే "మిక్కిలినేని ఇంటిపేరు వాళ్ళా? ఏ బజారు?" అన్నారు. రావిచెట్టు కింద కూర్చున్న ఒక పెద్దాయన్ని అడిగితే ఆయనకీ గుర్తు రాలేదు. అప్పుడు మామయ్య ముందుకు జరిగి, ఛాతీ విరిచి, కర్ణుడిలా గొంతు తగ్గించి నిదానంగా ఏదో నాలుగు మాటలన్నాడు. ఏ సినిమాలోదో కూడా కాదు, అక్కడికక్కడ అల్లిన మాటలు. పెద్దాయన చేతికర్ర నేలకి కొట్టి నవ్వాడు.

"ఓహో, ఆయనా! రాజుగారి వేషాలాయన! మా ఊరోడేగా. చిన్నప్పుడే కొలవెన్ను వైపు వెళ్ళిపోయారంట వాళ్ళు. పేరు చెబితే ఎట్టా గుర్తొస్తదండీ, గొంతు వినిపిస్తే గాని!"

ఈ మాట నేను నోట్‌బుక్‌లో రాసుకోవాలనుకున్నాను. చూస్తే నోట్‌బుక్ లేదు.

గుండె ఆగినంత పనైంది. మందడంలో టీ తాగిన చోట బల్ల మీద వదిలేశానని గుర్తొచ్చి ఆటో వెనక్కి తిప్పించాను. టీకొట్టతను దాన్ని గల్లాపెట్టె కింద దాచి ఉంచాడు. చేతికిస్తూ నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"మఫ్టీలో ఉన్నారనుకున్నాను సార్. బుగ్గ మీద గాటు, బొంగురు గొంతు, ఎత్తు ఆరడుగులు... ఎవర్నో వెతుకుతున్నారు గదా అని ఎవరికీ చూపించలేదు."

మామయ్య ఆటోలో విజయవాడ దాకా నవ్వుతూనే ఉన్నాడు. టీ డబ్బులు మాత్రం అతను తీసుకోలేదు. పోలీసులని అనుమానం ఇంకా పోలేదేమో.

నాలుగో రోజు: పినాకిని

ఉదయం ఆరు దాటగానే విజయవాడలో పినాకిని ఎక్స్‌ప్రెస్. ఈ బండి దారంతా నటుల ఊళ్ళే. తెనాలి వచ్చేసరికి ఇంకా మంచు విడలేదు. గుమ్మడి పుట్టిన రావికంపాడు, జగ్గయ్య పుట్టిన మోరంపూడి ఈ చుట్టుపక్కలే. వాళ్ళు పెద్దవాళ్ళు, వాళ్ళ గురించి రాసేవాళ్ళున్నారు. మామయ్య కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయాడు.

ఒంగోలు దాటాక లేచి, నా ఫోన్‌లో సినిమా పెట్టమన్నాడు. పెడితే చూడలేదు, కళ్ళు మూసుకుని విన్నాడు. మిషన్ రూములో ఉన్నవాడికి బొమ్మ కంటే శబ్దమే ఎక్కువ చేరేదట. కార్బన్ కడ్డీలు సర్దుతూ, తర్వాతి రీలు చుడుతూ సినిమా మొత్తం చెవులతోనే చూశాడు. అందుకే కళ్ళు మూసుకుని ఒక్కొక్కరినీ చెప్పాడు. ఇది ధూళిపాళ. ఇది ముదిగొండ లింగమూర్తి. ఇది రమణారెడ్డి, పిప్పరమెంటు చప్పరిస్తున్నట్టు మాట్లాడతాడు. ఒక్కటీ తప్పలేదు.

ఆలోచిస్తే ఆశ్చర్యం లేదు. ఈ నటుల్లో చాలామంది మైకు లేని నాటకాల్లో, చివరి వరసకి వినిపించేలా పద్యం పాడి, వచనం చెప్పి వచ్చినవాళ్ళు. జానపద సినిమాకి కావలసింది అదే. అట్ట కోట రాతికోటలా కనిపించాలంటే అందులో నిలబడ్డవాడి గొంతు రాయిలా ఉండాలి. ఇది నా అభిప్రాయం. ట్రిక్ ఫోటోగ్రఫీ గురించి ఇన్ని మాటలు చెప్పుకుంటాం గాని, కాగితం కిరీటం పెట్టుకుని "ఎవరక్కడ!" అంటే జనం నవ్వకుండా ఉండడమే అన్నిటికంటే పెద్ద ట్రిక్కు.

నెల్లూరులో బండి ఆగినప్పుడు మామయ్య ప్లాట్‌ఫాం మీదకి దిగి ఒక దణ్ణం పెట్టి ఎక్కాడు. ఎవరికంటే, రాజనాలకట. రాజనాల కాళేశ్వరరావు నెల్లూరువాడు. ప్రభుత్వోద్యోగం చేస్తూ నాటకాలాడి, 1953లో 'ప్రతిజ్ఞ'తో విలన్‌గా అడుగుపెట్టాడు. 'జగదేకవీరుని కథ'లో ఆయన రాజు, సి.ఎస్.ఆర్. ఆయన్ని ఎగదోసే మంత్రి బాదరాయణ ప్రగడ. ఆ ఇద్దరి సీన్లు చూస్తే ఒక విలన్ నవ్వించడం ఎంత కష్టమో తెలుస్తుంది. రాజనాల పగలబడి నవ్వుతాడు, సి.ఎస్.ఆర్. కనుబొమ్మ మాత్రం కదుపుతాడు. రమణారెడ్డిది కూడా నెల్లూరు జిల్లాయే. సినిమాల్లోకి రాకముందు శానిటరీ ఇన్‌స్పెక్టర్. ఆ సన్నటి ఒళ్ళు వేసుకుని ఎవరి మురికికాలవ మీద ఎలా కేకలేసేవాడో ఊహించుకుంటుంటే గూడూరు వచ్చేసింది.

ఐదో రోజు: మద్రాసు

చెన్నై అనడం మామయ్యకి చేతకాలేదు, చివరిదాకా మద్రాసే. సెంట్రల్ నుంచి మెట్రోలో వడపళని. స్టేషన్ దిగి నడిస్తే పెద్ద షాపింగ్ మాల్, పక్కన ఆసుపత్రి, ఒక హోటలు. ఇదే వాహినీ స్టూడియో. బి.ఎన్. రెడ్డి కట్టించి, తర్వాత నాగిరెడ్డి చేతికి వచ్చి విజయా వాహినీ అయి, ఒకనాడు ఆసియాలోనే అతి పెద్ద స్టూడియోల్లో ఒకటనిపించుకున్న నేల. 'పాతాళ భైరవి' ఉజ్జయిని ఇక్కడే ఉంది. 'మాయాబజార్' ద్వారక ఇక్కడే ఉంది. కెమెరామన్ మార్కస్ బార్ట్లే పట్టపగలు లైట్లతో వెన్నెల కాయించింది ఇక్కడే.

మామయ్య జీవితంలో మొదటిసారి వచ్చాడు. ముప్పై ఏళ్ళు వీళ్ళ సినిమాలు ఆడించిన మనిషి, వాటి పుట్టిల్లు చూడలేదు. మాల్ గుమ్మం దగ్గర సెక్యూరిటీ కుర్రాణ్ణి అడిగాడు.

"బాబూ, ఇక్కడ ఫ్లోర్లుండేవి కదా, ఎక్కడ?"

స్టూడియో భాషలో ఫ్లోర్ అంటే సెట్లు వేసే పెద్ద షెడ్డు. ఆ కుర్రాడికి తెలుగు రాదు, ఫ్లోర్ అన్న ముక్క మాత్రం అర్థమైంది. వేళ్ళు చూపిస్తూ గ్రౌండ్, ఫస్ట్, సెకండ్, పైన సినిమా అని ఓపిగ్గా వివరించాడు. మామయ్య అంతే ఓపిగ్గా విని "సినిమా పైనేనంట" అని నాతో చెప్పి ఎస్కలేటర్ ఎక్కాడు. ఎక్కేటప్పుడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

పైన మల్టీప్లెక్స్ ముందు బెంచీ మీద కూర్చుని 'మాయాబజార్' లెక్క తేల్చుకున్నాం. 1957లో తెలుగు, తమిళం రెండూ ఇక్కడే తీశారు. సావిత్రి రెంటిలోనూ ఉంది. ఎన్టీఆర్, ఎస్వీఆర్ కూడా. అభిమన్యుడు తెలుగులో అక్కినేని నాగేశ్వరరావు, తమిళంలో జెమినీ గణేశన్. మరి శకుని? తెలుగులో సి.ఎస్.ఆర్., తమిళంలో నంబియార్. రెండు భాషలకీ చెల్లే ముఖం పెద్ద నటుడిది. శకునిలాంటి వేషాలకి మాత్రం ఎవరి భాషకి వాళ్ళ మనిషే కావాలి, ఎందుకంటే ఆ వేషంలో సగం మాటే. మాయలు చేసే చినమయ్య రమణారెడ్డి, ఆయన వెనక లంబు జంబులుగా చదలవాడ, నల్ల రామమూర్తి. శర్మ శాస్త్రులుగా అల్లు రామలింగయ్య, వంగర. కృష్ణుడు ముసలివాడి రూపంలో వచ్చి దారికడ్డంగా కూర్చుంటాడు గదా, ఆ ముసలాయన కంచి నరసింహారావు. ఎన్టీఆర్ కృష్ణుణ్ణి ఇంటింటా పటం కట్టి పెట్టుకున్నారు. అదే కృష్ణుడి ఇంకో రూపం పేరు చెప్పమంటే చెప్పగలిగేవాళ్ళని ముగ్గుర్ని మించి నేను చూడలేదు. అందులో ఒకడు మా మామయ్య.

మధ్యాహ్నం ఏవీఎంవాళ్ళ మ్యూజియం చూశాం. పాత కెమెరాలు, లైట్లు, మెరుస్తున్న పాతకాలపు కార్లు. జనమంతా కార్ల దగ్గర ఫొటోలు దిగుతున్నారు. మామయ్యకి అక్కడ పావుగంట చాలు.

సాయంత్రం పానగల్ పార్కు. చిత్తూరు నాగయ్యగారి విగ్రహం దగ్గర ఒకతను పల్లీలు తింటున్నాడు. పాండీబజార్‌లో ఒకప్పుడు సాయంకాలమైతే వేషాల కోసం వచ్చినవాళ్ళు కడిగిన ముఖాలతో నిలబడేవారట. ఏ కంపెనీ కారు ఆగి ఎవర్ని ఎక్కించుకుంటుందో అని. నా ఎడమ పేజీలోని మనుషుల్లో సగంమంది ఈ ఫుట్‌పాత్ మీద కాళ్ళు నొప్పులు పుట్టేలా నిలబడి ఉంటారు. ఇప్పుడు ఆ ఫుట్‌పాత్ వెడల్పు చేసి బెంచీలు వేశారు. కూర్చుని ఫిల్టర్ కాఫీ తాగాం.

కాఫీ అయిపోయాక మామయ్య గ్లాసు అడుగు చూస్తూ అన్నాడు. "డబ్బా ఒకటుంది అల్లుడూ."

"ఏం డబ్బా?"

"బిస్కిట్ల డబ్బా. కోసిన ముక్కలు. అన్నీ పారెయ్య బుద్ధి కాలే."

మొన్న గుడిబండలోనే ఎందుకు చెప్పలేదని అడిగాను. "నువ్వు అప్పుడే తిట్టి ఉంటివి గదా" అన్నాడు.

ఆరో రోజు: మళ్ళీ కోదాడ

రాత్రి బండికి విజయవాడ దిగి, తెల్లవారుజాము బస్సుకి కోదాడ. బస్సులో ఇద్దరం నిద్రపోలేదు.

డబ్బా అటక మీద పాత ట్రంకుపెట్టెలో ఉంది. మూత తియ్యగానే పచ్చడి జాడీ పాడైనట్టు పుల్లటి ఘాటు వాసన. పాత ఫిల్ము కుళ్ళితే వచ్చే వాసన అది. ముక్కలు చాలావరకు ఒకదానికొకటి అంటుకుని నల్లటి బెల్లపు అచ్చులా గట్టిపడ్డాయి. విడదీయబోతే పొరలు పొరలుగా ఊడొచ్చాయి. మామయ్య ఏమీ అనలేదు. గోళ్ళతో అంచుల నుంచి నెమ్మదిగా ఒలిచాడు. మనవరాలు పక్కన కూర్చుని కింద పడ్డవి ఏరింది. ఏనుగు తొండం ఉన్న ముక్క ఒకటి. ఎవరిదో చెయ్యి ఒకటి. కత్తి మొన ఒకటి. వాటిలో టైటిల్స్ ఏవీ లేవు.

గంట తర్వాత డబ్బా అడుగున విడిగా పడి ఉన్నవి దొరికాయి. మూడు ఫ్రేముల ముక్క, నా చిటికెన వేలంత. కిటికీకి ఎదురుగా పట్టుకుంటే అక్షరాలు తిరగబడి కనిపించాయి. తిప్పి పట్టుకున్నాను. తెల్లటి అక్షరాలు, వెనక ఏదో కోట బురుజు. పై వరసలో "వంగర" అని స్పష్టంగా ఉంది. దాని కింద వరసకి చిరుగు అడ్డం పడింది. పేరు మొదలంతా పోయి చివరి రెండక్షరాలే మిగిలాయి.

"రావు."

మామయ్య కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. రంగారావు కాదు, ఆయన కార్డు పైన వస్తుంది. కాంతారావా? ఆయనదీ పైనే. నాగేశ్వరరావు, కాళేశ్వరరావు, కుటుంబరావు, నరసింహారావు. వేళ్ళు మడుస్తూ పోయాడు, రెండు చేతులూ చాలలేదు. ఏ సినిమా ముక్కో కూడా ఆయనకి గుర్తు లేదు.

నోట్‌బుక్ తీసి, బొంగురు గొంతు భటుడికి ఎదురుగా, కుడి పేజీలో పెన్సిల్‌తో చుక్కలు పెట్టి చివర "రావు" అని రాశాను. పక్కన ప్రశ్నార్థకం పెట్టబోతుంటే మామయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండు. ఆ భటుడు మాట్లాడే సీను ఫోన్ల ఉందా? పెట్టు, ఇంకోసారి ఇంటా."